తల్లికి కుర్చీ ఏ పద్దు కింద?

కరపత్రం మీద ఏ ఫొటో వెయ్యాలన్న దగ్గరే మాకు మొదటి గొడవ. ఖమ్మంలో మేం ఏడుగురం ఆడవాళ్ళం. కొందరం కాలేజీల్లో పాఠాలు చెప్తున్నవాళ్ళం, కొందరం చెప్పి రిటైరయిన వాళ్ళం. భద్రాచలం అడవి అంచున ఒక ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఉంచే గది ఉంది. ఆ గదికి ఒక రేడియంట్ వార్మరు, పచ్చకామెర్లకు పెట్టే నీలంలైటు, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే రెండు మానిటర్లు కొనిద్దామని చందాలు మొదలుపెట్టాం. (ఆసుపత్రి పేరు రాయను. అక్కడ డ్యూటీ చేసే సిస్టర్ల ఉద్యోగాలు నా వ్యాసం కంటే ముఖ్యం.)

మాలో ఒకామె సెల్‌ఫోన్లో తీసిన ఫొటో పట్టుకొచ్చింది. ముక్కులో గొట్టం, ఒంటి మీద చర్మం ముడతలు, అరచెయ్యంత బిడ్డ. ''ఇది చూస్తే రాయి కూడా చందా ఇస్తుందక్కా'' అంది. నిజమే, ఇస్తుంది. అయితే ఆ ఫొటోలో బిడ్డ పక్కన ఒక చెయ్యి కూడా ఉంది. గాజుల్లేని చెయ్యి, మణికట్టు పైన పచ్చబొట్టు. కరపత్రంలో పట్టేట్టు ఫొటో కత్తిరించమంటే డీటీపీ చేసే కుర్రాడు మొట్టమొదట తీసేసింది ఆ చేతినే. అతని తప్పేం లేదు. చందా ఇచ్చేవాళ్ళకి కావాల్సింది బిడ్డేనని అతనికి బాగా తెలుసు.

ఆ తల్లిని అడిగారా అన్నాను. ఎవరూ అడగలేదు. ఆమెకి తెలుగు రాదు, కోయ మాట్లాడుతుంది. ఫొటో తీసేటప్పుడు ఆమె అక్కడే ఉంది కదా, వద్దనలేదు కదా అన్నారు. ఐసీయూలో బిడ్డని పెట్టుకున్న మనిషి దేనికి వద్దనగలుగుతుంది?

బిడ్డను చూపించి డబ్బు పోగుచెయ్యడం ఇవాళ పుట్టిన పద్ధతి కాదు. 1903 నుంచి 1943 దాకా న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ తిరనాళ్ళలో మార్టిన్ కూనీ అనే ఆయన నెలలు నిండని పిల్లల్ని గాజుపెట్టెల్లాంటి ఇంక్యుబేటర్లలో పెట్టి జనానికి చూపించేవాడు. టికెట్టు 25 సెంట్లు. ఆ డబ్బులతోనే మిషన్లు, నర్సుల జీతాలు, పాలిచ్చే దాదుల భోజనాలు. తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకునేవాడు కాదు. ఆసుపత్రులు ఆశ వదులుకున్న పిల్లలు వేలమంది ఆ తిరనాళ్ళలో బతికి బట్టకట్టారు. ఆయనకసలు డాక్టరు చదువు ఉందా లేదా అన్నది ఇప్పటికీ అనుమానమే. అయినా ఆయన్ని నేను తిట్టలేను. బతికిన పిల్లల ముందు నా తిట్లు ఎందుకు పనికొస్తాయి? కానీ ఆ ప్రదర్శన ఫొటోలు చూసినప్పుడల్లా ఒకటే వెతుక్కుంటాను. తెల్ల బట్టల్లో నర్సులున్నారు, పిల్లలున్నారు, కటకటాల ఇవతల టోపీలు పెట్టుకున్న జనం ఉన్నారు. కన్నవాళ్ళేరీ?

చివరికి మేం ఫొటో లేకుండానే కరపత్రం వేశాం. చందాలు అనుకున్నంత రాలేదు. ''నువ్వు ఒక చెయ్యి కోసం ఒక మానిటరు పోగొట్టావు'' అని ఆ స్నేహితురాలు ఇప్పటికీ అంటుంది. ఆమె మాట తీసిపారెయ్యదగ్గది కాదు. రెండో మానిటరు నిజంగానే కొనలేకపోయాం.

భద్రాచలం వైపు తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా వెళ్తే భద్రాచలం 120 కిలోమీటర్ల దూరం. గోదావరి దాటితే రాముడి గుడి ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో చాలా భాగం 2014లో పోలవరం పేరుతో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళిపోయాయి, టౌను మాత్రం తెలంగాణలో మిగిలింది. ఇంకొంచెం ముందుకెళ్తే ఛత్తీస్‌గఢ్. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయలు ఇటువైపు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. పురిటినొప్పులు వచ్చినామెకి మూడు రాష్ట్రాల సరిహద్దు గీతలు కనపడవు. రోడ్డు లేనిచోట మంచాన్నే డోలీ కట్టి వాగు దాటిస్తారు, అవతల 108 ఎక్కిస్తారు. దగ్గర ఏ ఆసుపత్రి ఉంటే అదే ఆమెది. ఆధార్ కార్డు ఏ రాష్ట్రానిదని కౌంటర్లో అడిగేదాకా ఆమెకి ఆ తేడా తెలియదు.

ఆ గదిలో రాత్రి డ్యూటీ సిస్టర్ మా చేతిలో కొటేషన్లు చూసి నవ్వింది. ''మిషన్ ఎవరైనా ఇస్తరు మేడమ్. రాత్రి రెండుగంటలకి అది మొత్తుకుంటే లేచి చూసే మనిషినెవరిస్తరు?''

ఆమె మూలన ఇంకో వార్మరు చూపించింది. దాని మీద దాత పేరు, వాళ్ళ నాన్నగారి జ్ఞాపకార్థం అన్న అక్షరాలు చెక్కుచెదరలేదు. ఒంటికి అంటించే ప్రోబు పాడైంది. అది చెడిపోతే బిడ్డ ఒళ్ళు ఎంత వేడుందో మిషన్‌కి తెలియదు. కొత్త ప్రోబుకి ఏ పద్దులోనూ డబ్బు లేదు. బియ్యం బస్తా ఇచ్చి పొయ్యి సంగతి మర్చిపోయినట్టు మిషన్ ఇచ్చి స్టెబిలైజరు, వైరింగు, ఏడాదికోసారి సర్వీసింగు మర్చిపోతాం. 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి గదిలోనే మంటలు లేచి 10 మంది పసిపిల్లలు చనిపోయారు. కరెంటు సంగతి చిన్న విషయం కాదు.

ఆక్సిజన్ సంగతీ అంతే. తక్కువైతే బిడ్డ నీలంగా మారుతుంది, అది ఎవరికైనా కనపడుతుంది. ఎక్కువైతే మాత్రం ఏమీ కనపడదు. కానీ కంటి లోపల రెటీనా మీద రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోయే ప్రమాదం ఉంది. 1940ల్లో, 50ల్లో అమెరికాలో, యూరప్‌లో ఎందరో పిల్లలు ఇలాగే గుడ్డివాళ్ళయ్యారు. బతికించిన చేత్తోనే చూపు తీసేశారని తెలియడానికి పదేళ్ళకి పైగా పట్టింది. మానిటర్ల కోసం మేం పట్టుబట్టింది అందుకే. రెండు కిలోలలోపు పుట్టిన బిడ్డని నెల తిరిగేలోపే కంటిడాక్టరుకు చూపించి తీరాలని మన దేశంలో నియమం. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఇదే మొత్తుకుంటున్నారు.

ఇక తల్లి. ఆమె ఎక్కడుంది? వరండాలో, చాప మీద. సిజేరియన్ అయిన కుట్లతో. ప్రతి మూడు గంటలకీ సిస్టర్ పిలిస్తే లేచి వచ్చి పాలు పిండి ఇచ్చి వెళ్తుంది. ఆ పాలని ఉగ్గుగిన్నెతో చుక్కలు చుక్కలుగా బిడ్డకి పోస్తారు. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె ఐసీయూలో కనపడితే నాకు భలే సంతోషం వేసింది. కానీ ఆ పాలు తయారయ్యే మనిషికి ఆ గదిలో కూర్చోవడానికి ఒక స్టూలు కూడా లేదు.

నేను వెళ్ళిన రోజు ఒకమ్మాయి పాలు పిండడానికి వచ్చి చేతులు వెనక్కి దాచుకుని నిలబడింది. ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు. మిరపకాయ కోతలకి అడవి నుంచి వచ్చిన గుంపులో మనిషి. ఏడో నెలలో చేలోనే నొప్పులొచ్చాయి. ఆయమ్మకి కోయ వచ్చు కాబట్టి మాకు తెలుగులో చెప్పింది: ''మిరపకాయ చేతులంట. పాలల్ల మంట పోతదా అని అడుగుతుంది.'' రోజులు గడిచినా ఆమె వేళ్ళకి ఆ ఘాటు వదల్లేదు. సిస్టర్ మాట్లాడకుండా ఆమె రెండు చేతులకీ కొబ్బరినూనె రాసి, సబ్బుతో రెండుసార్లు కడిగించి, తుడిచి, అప్పుడు గిన్నె ఇచ్చింది.

చట్టం వర్తించే చోట ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళకి 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలు అయింది. మిరప చేలో ఏడో నెల, ఆరో నెల అనేవి ఉండవు. బుట్టలు నిండాయా లేదా అన్నదే లెక్క. రక్తహీనత, మలేరియా, చిన్న వయసులో కాన్పు, ఎడం లేని కాన్పులు, మోతలు, ఒక్కోటీ బిడ్డని తొందరగా బయటికి నెట్టేవే. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మన పెద్దవాళ్ళు చెప్పుకునే లెక్క ఉందే, అది ఉత్తమాట. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకి లాభమే. ఆ వారాలు తల్లి ఒంట్లోంచి రావాలి, ఏ కంపెనీ తయారుచెయ్యలేదు. గోదావరి ఎగువన గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్ 1989లోనే పల్లె ఆడవాళ్ళ గర్భాశయ రోగాల లెక్క తీసి లాన్సెట్‌లో రాసింది. పరీక్ష చేసిన వాళ్ళలో 92 శాతం మందికి ఏదో ఒక జబ్బు ఉంది. పదేళ్ళ తర్వాత, 1999లో, అదే గడ్చిరోలి నుంచి అభయ్ బంగ్ బృందం పల్లెటూరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇళ్ళ దగ్గరే చూసుకుంటే పురిటిబిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని అదే పత్రికలో చూపించింది. మొదటి లెక్క కంటే రెండోదే దేశమంతా మోగింది. పిల్లల లెక్క కదా.

నిలోఫర్ సంగతి చూడండి. పనిమనిషి రఫాత్ కాన్పులో చనిపోతే తట్టుకోలేక నిలోఫర్ రాకుమారి ఆ ఆసుపత్రి కోసం పట్టుబట్టిందని చెప్తారు. ఇవాళ మనందరి నోటా అది 'పిల్లల దవాఖానా'.

1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డల్ని తల్లుల రొమ్ముల మీద కట్టించాడు. కంగారూ పద్ధతి అలా వచ్చింది. చాలాకాలం దాన్ని బీదవాళ్ళ సర్దుబాటు కిందే చూశారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం బయటికొచ్చింది. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో కలిపి అయిదు దేశాల్లో అయిదు ఆసుపత్రులు. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. అలా చెయ్యాలంటే తల్లి మంచం ఐసీయూ లోపలే ఉండాలి. మిషన్ వద్దని కాదు, మిషన్ పక్కన ఆమె.

ఇది చదివి వినిపించి, వెనక్కి వాలే కుర్చీలు నాలుగు కొందామన్నాను. ఒక వ్యాపారస్తుడు ''మెడికల్ ఎక్విప్‌మెంట్ అన్నారు కదా మేడమ్, ఫర్నిచర్ ఎందుకు?'' అని అడిగాడు. కుర్చీ కూడా పరికరమే అని అరగంట వాదించాను. మూడు కుర్చీలకి డబ్బులొచ్చాయి. నాలుగోది మా కాలేజీ అటెండరమ్మ తన సొంత డబ్బుతో కొనిచ్చింది. ఆమె పేరు దాని మీద రాయిద్దామంటే వద్దంది.

అన్నీ పోగా కొంచెం మిగిలింది. ఇంకో మానిటరుకి చాలదు. సిస్టర్ ఒక్క క్షణం ఆలోచించకుండా ''ఛార్జీలకు ఉంచండి'' అంది. కళ్ళ పరీక్షకి రావాల్సిన తల్లులకి బస్సు, ఆటో, ఒక పూట భోజనం. మొదటి నెల ముగ్గురు రావాలి. ఇద్దరు చెప్పిన రోజుకే వచ్చారు. మూడోది మిరప చేతుల అమ్మాయి. కోతలయిపోయి గుంపు అడవికి వెళ్ళిపోయింది. బిడ్డకి ఇరవై ఏడో రోజు నాడు ఆయమ్మ తనే వెళ్ళొస్తానంది. ఆమె చేతిలో రెండు మనుషుల ఛార్జీలు పెట్టి బస్సెక్కించాం.