రెండు నల్లాలు, ఒక తొట్టి

ఉదయం ఎనిమిదిన్నరకే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో కూర్చోడానికి చోటు వెతుక్కోవలసి వచ్చింది. లోపల బల్లలు ఎప్పుడో నిండిపోయాయి. బయట చెట్ల నీడన, గోడ వారన, ఎక్కడ చూసినా పిల్లలే. ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం, పక్కన నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా. ఎక్కువమంది గ్రూప్స్ కోసమో, కానిస్టేబుల్, టీచరు ఉద్యోగాల కోసమో చదువుతున్నవాళ్లు. నాకు కావలసింది వాళ్ల మధ్య కూర్చునే ఒక చిన్న గుంపు. ఎంబీఏ ప్రవేశ పరీక్షల లెక్కలు కలిసి చేసుకునే నలుగురు. వాళ్లలో ఒకమ్మాయి వనపర్తి దగ్గరి పల్లె నుంచి వచ్చి మా పక్కింట్లో అద్దెకుంటోంది. నేను చాలా ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పానని తెలిసి, "ఒక్క శనివారం రండి టీచర్, మేమెట్ల చేస్తున్నమో చూసి చెప్పండి" అని నెలరోజులుగా అడుగుతోంది.

వెళ్లేసరికి ముగ్గురున్నారు. నాలుగో అతను బ్యాంకులో ఉద్యోగి, శనివారం సెలవైతేనే వస్తాడట. అందరూ అతన్ని అన్న అంటారు. నల్లగొండ అబ్బాయి తన సంచి పక్కకు జరిపి, కింద పేపరు పరిచి, "కూసోండి టీచర్" అన్నాడు.

వాళ్ల ముందున్నవి రెండు పరీక్షలు. ఒకటి ఐసెట్, మన రెండు రాష్ట్రాల్లో ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం. రెండోది క్యాట్, దేశంలోని ఐఐఎంల కోసం. ఐసెట్‌లో 150 నిమిషాలకు 200 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. తప్పుకు మార్కు కోత లేదు. లెక్కల భాగం తెలుగులో కూడా ఉంటుంది. క్యాట్ 2009 నుంచి కంప్యూటరు మీదే, పూర్తిగా ఇంగ్లీషులోనే. 2024లో లెక్కల భాగానికి 40 నిమిషాలు, 22 ప్రశ్నలు. ఒప్పుకు 3 మార్కులు. ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పు పెడితే 1 మార్కు పోతుంది.

ఈ అంకెలు చూస్తే రెండూ ఒకే జాతి పరీక్షల్లా కనిపిస్తాయి. పక్కన కూర్చుని చూస్తేగానీ తేడా తెలియలేదు. ఐసెట్ కాగితం చేస్తున్నప్పుడు వాళ్ల పెన్ను ఆగదు. ఒక్క గడి ఖాళీగా వదలడం అక్కడ నేరం. క్యాట్ కాగితం తీయగానే ముగ్గురూ నిమిషంసేపు ఏమీ రాయకుండా కళ్లతోనే పైనుంచి కిందికి వెళ్లారు. కరీంనగర్ అబ్బాయి ఒక ప్రశ్న పక్కన చిన్న సున్నా చుట్టాడు. అదేమిటని అడిగాను. "ఇది ఇడ్సిపెట్టేది, టీచర్. వస్తది గని నాలుగు నిమిషాలు తింటది" అన్నాడు. నా బళ్లో లెక్క వదిలేసిన పిల్లవాణ్ణి నేను నిలబెట్టేదాన్ని. ఇక్కడ వదలడం కూడా సాధన చేసి నేర్చుకోవలసిన పని. ఒక లెక్క తనకు వచ్చునా రాదా అన్నది మొదటి ఇరవై సెకన్లలో తేల్చుకోవాలంటే ఆ జాతి లెక్కలు ఎన్ని చేసి ఉండాలి!

నల్లగొండ అబ్బాయి అట్ట వెనక భిన్నాల పట్టిక అంటించుకున్నాడు. ఏడో వంతు 14.28 శాతం, ఎనిమిదో వంతు 12.5, పదకొండో వంతు 9.09, పదహారో వంతు 6.25. "6.25 చూడంగనే నాకు పదహారు కండ్ల ముందలికి రావాలె" అంటూ ఒక లెక్క చూపించాడు. ఫీజు 6.25 శాతం పెరిగి 34,000 అయింది, ముందెంత? పదహారు భాగాలు పదిహేడయ్యాయి కాబట్టి ఒక భాగం 2,000, ముందు ఫీజు 32,000. కాగితం మీద ఒక్క గీత పడలేదు.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమెకు శాతం అన్న మాట తెలియదు. పదహారో వంతును వీసం అనేది. రూపాయికి పదహారణాలున్న రోజుల మనిషి. 1957లో రూపాయికి వంద నయాపైసలు వచ్చాక అణా ఆరుంబావు పైసలైంది. ఈ పిల్లవాడు పట్టిక పెట్టుకుని నేర్చుకుంటున్న 6.25 అదే. వీసం గురించి చెబితే అతను పెన్ను ఆపి, "వీసమెత్తు అంటరు, అదేనా?" అన్నాడు. అదే. పట్టికలో 6.25 పక్కన తెలుగులో 'వీసం' అని రాసుకున్నాడు. క్యాట్‌లో ఆ మాటతో పని లేదు. అయినా ఆ అంకెకు ఇకమీద అతనికి ఒక చుట్టం దొరికినట్టే అనిపించింది నాకు.

వనపర్తి అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. కాలము–పని, కాలము–దూరము, లాభము–నష్టము అన్నీ అప్పుడు చేసినవే. ఇప్పుడవి ఇంగ్లీషు వాక్యాల్లో చుట్టి వస్తున్నాయి. లెక్క రాక మార్కులు పోవడం లేదని, వాక్యం దగ్గర పోతున్నాయని ఆమె తప్పుల నోట్‌బుక్ చూస్తే తెలిసిపోతుంది. చేసిన ప్రతి తప్పూ తేదీతో రాసి, కింద కారణం రాసింది. ఒకచోట: ఊరికి పోయేటప్పుడు గంటకు 40 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 60, సగటు వేగమెంత? 50 పెట్టి వచ్చింది. సరైన జవాబు 48, ఎందుకంటే నెమ్మదిగా నడిచిన దారిలోనే ఎక్కువసేపు గడుస్తుంది. కింద ఆమె రాసుకున్నది: "50 అనిపించింది. అనిపించింది అంటే చెయ్యలేదు అన్నట్టు." ఇంకో పేజీలో "ప్రశ్న అడిగింది ఎన్ని రోజులు మిగిలినయని, నేను ఎన్ని రోజులు పట్టిందో చెప్పిన" అని ఉంది. ఆ నోట్‌బుక్ సగం ఇలాంటివే. సూత్రం తెలియక పోయినవి పది పేజీలకు ఒకటి.

మార్కెట్లో షార్ట్‌కట్ల పుస్తకాలు కుప్పలుగా దొరుకుతాయి. వాటిమీద నాకు కోపం లేదు. కానీ ఏ షార్ట్‌కట్టూ ప్రశ్నను మన బదులు చదివి పెట్టదు. ఇలాంటి నోట్‌బుక్ ఒక్కటి ఎవరికి వాళ్లు రాసుకుంటే అది ఎన్నో పుస్తకాల పెట్టు.

పదకొండుకు అన్న వచ్చాడు. సంచి దించీ దించగానే ఒక లెక్క చెప్పాడు. రెండు నల్లాలు కలిసి ఒక తొట్టిని 12 గంటల్లో నింపుతాయి. ఒక్కోటి విడిగా నింపడానికి పట్టే గంటలు పూర్ణ సంఖ్యలే. ఆ జంట ఎన్ని రకాలుగా ఉండొచ్చు?

తొట్టి లెక్క అనగానే అందరి చేతులూ కసాగు వైపు వెళ్లాయి. రెండు నల్లాల సమయాలు తెలిసి కలిసి ఎంతసేపో కనుక్కోవడం బడిలో చేసిన లెక్క. ఒకటి 12 గంటలు, ఇంకోటి 18 అయితే, తొట్టి 36 బకెట్లనుకుంటే గంటకు మూడు, రెండు, మొత్తం అయిదు బకెట్లు. తొట్టి నిండటానికి 7 గంటలా 12 నిమిషాలు. ఇక్కడ ప్రశ్న తలకిందులుగా ఉంది. కరీంనగర్ అబ్బాయి 24, 24 అన్నాడు. అమ్మాయి 20, 30 అంది. తర్వాత అందరూ ఆగిపోయారు. తడుముకుంటూ పోతే ఎక్కడ ఆపాలో తెలియదు.

అన్న చెప్పలేదు. "12 కన్నా ఎంత ఎక్కువ పడుతున్నదో, అది చూడండ్రి" అన్నాడంతే. ఆమె 20లోంచి, 30లోంచి 12 తీసేసింది. 8, 18. 24, 24లోంచి తీస్తే 12, 12. రెండు జంటల్నీ గుణించి చూసి తలెత్తింది. రెండూ 144! అప్పుడు సమీకరణం రాసి సర్దితే నిజంగానే అంతే వచ్చింది: ఆ రెండు అదనాల లబ్ధం ఎప్పుడూ 12 వర్గమే. ఇక పని 144 కారణాంకాలను జతలు కట్టడం. 1తో 144, 2తో 72, 3తో 48, అలా 12తో 12 దాకా. ఎనిమిది జతలు. 13 గంటల నల్లాకు తోడు 156 గంటల నల్లా! "అది కారుతున్న నల్లా" అని నల్లగొండ అబ్బాయి అంటే పక్క గుంపు వాళ్లు కూడా తిరిగి చూశారు.

ఈ తొట్టి ఎంత పాతదో వాళ్లకు చెప్పకుండా ఉండలేకపోయాను. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో నాలుగు ధారలున్నాయి. విడివిడిగా తొట్టిని ఒక రోజులో, అరరోజులో, రోజులో మూడో వంతులో, ఆరో వంతులో నింపుతాయి. అన్నీ ఒకేసారి వదిలితే ఎంతసేపు? రోజుకు ఒకటి, రెండు, మూడు, ఆరు తొట్లు, మొత్తం పన్నెండు. కాబట్టి రోజులో పన్నెండో వంతు. అంతకు ముందే, 11వ శతాబ్దంలో, పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్క తెలుగులో ఉండటం మనకు కొత్త కాదు. ఈ అమ్మాయి ఇంగ్లీషు వాక్యం దగ్గర తడబడినప్పుడల్లా తన చదువు తక్కువదని సిగ్గుపడుతోంది. అది నాకు బాధగా ఉంది. ఆ మాట ఆమెతోనే అన్నాను. ఏమీ అనలేదు. నోట్‌బుక్‌లో మల్లన పేరు మాత్రం రాసుకుంది.

మధ్యాహ్నం డబ్బాలు విప్పారు. నాకు నువ్వుల పొడి, టమాట పప్పు పెట్టారు. వాళ్ల మాటలన్నీ నవంబరు చివర్లో వచ్చే క్యాట్ మీద, అది కాకపోతే వచ్చే ఏడు ఐసెట్ మీద. విశాఖలో 2015లో మొదలైన ఐఐఎం గురించి కరీంనగర్ అబ్బాయి చుట్టాలిల్లు అన్నట్టు మాట్లాడాడు. అన్నకిది మూడో ప్రయత్నం. "నౌకరి ఉన్నది కదా, ఎందుకన్నా అంటరు. రేపు నేను మేనేజర్ల పక్కన కూసోవాలంటే ఈ లెక్కలే దారి" అన్నాడు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

సాయంత్రం లేచేటప్పుడు వనపర్తి అమ్మాయి గేటు దాకా వచ్చింది. "టీచర్, ఒక నల్లా నింపుతది, ఇంకోటి ఖాళీ చేస్తది అనుకోండి. రెండూ ఇప్పి పెడితే 12 గంటలకు నిండింది. అప్పుడెన్ని జతలు?" పుస్తకంలో లేని ప్రశ్న. ఆమె సొంతంగా వేసుకున్నది. ఇంటికెళ్లి చూస్తానన్నాను.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర కోఠి బస్సు ఎక్కాను. టికెట్టు వెనక పెన్నుతో మొదలుపెట్టాను. మూడు గంటల్లో నింపేది, నాలుగు గంటల్లో ఖాళీ చేసేది. నాలుగు, ఆరు. ఆరు, పన్నెండు. ఎనిమిది, ఇరవై నాలుగు. తొమ్మిది, ముప్పై ఆరు. పది, అరవై. కాచిగూడ దాటాక పదకొండు, నూట ముప్పై రెండు. మొత్తం ఏడు. దిగగానే ఆమెకు ఫోన్ చేశాను. "ఏడేనా టీచర్? నాకూ ఏడే వచ్చినయ్" అంది.