కాలబార్‌లో ఒక గిర్ని కార్మికురాలు

నైజీరియా దేశానికి ఆగ్నేయ మూలన, కామెరూన్ సరిహద్దుకు దగ్గరగా, నది ఒడ్డున కాలబార్ అనే పట్నం ఉంది. క్రాస్ రివర్ రాష్ట్రానికి అదే రాజధాని. ఆ ఊరి కూడలి ఒకదాంట్లో ఒక తెల్లజాతి ఆడమనిషి విగ్రహం నిలబడి ఉంటుంది. ఆమె చేతుల్లో కవల పిల్లలు. చూసినవాళ్లు ఎవరో దొరసాని అనుకుంటారు. దొరసాని కాదు. మన లెక్కనే భోంగా మోగితే లేచి గిర్నికి పోయిన మనిషి. పేరు మేరీ స్లెసర్.

కాలబార్ పాత రేవు పట్నం. అక్కడి జనం ఎఫిక్‌లు. ఒకప్పుడు ఆ రేవు నుంచే వేలకొద్దీ మనుషులను బానిసలుగా ఓడలెక్కించారు. ఆ వ్యాపారం ఆగినాక పామాయిల్ వ్యాపారం పెరిగింది. ఆ నూనె బ్రిటన్‌కు పోయి సబ్బు అయ్యేది, కొవ్వొత్తి అయ్యేది, యంత్రాలకు కందెన అయ్యేది. గుట్ట మీద 1884 నాటి తెల్లదొరల బంగళా ఒకటి ఇప్పటికీ ఉంది. దాని భాగాలను బ్రిటన్‌లో తయారుచేసి, ఓడలో తెచ్చి ఇక్కడ బిగించారు. ఇప్పుడు అది మ్యూజియం.

మేరీ సంగతి తెలియాలంటే ముందు స్కాట్లండ్‌లోని డండీ పట్నం గురించి చెప్పుకోవాలి. అది పూర్తిగా గిర్నిల ఊరు. ముందు అవిసె నార, తర్వాత మన బెంగాల్ నుంచి పోయిన జనుము అక్కడ నేసేవారు. (తర్వాత హుగ్లీ ఒడ్డున జనుము గిర్నిలు లేచి డండీకి పోటీ అయినయి. వాటిలో పనికి మన తెలుగువాళ్లు ఎంతమంది పోయారో మనకు తెలిసిందే.) డండీ గిర్నిల్లో ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లకు కూలి తక్కువ ఇవ్వొచ్చు గనుక యజమానులు వాళ్లనే పెట్టుకునేవారు. పని దొరకక ఇంట్లో ఉండే మగవాళ్లకు ‘కెటిల్ కాచేవాళ్లు’ అని ఎగతాళి పేరు పడింది.

మేరీ 1848లో అబర్డీన్‌లో పుట్టింది. తండ్రి చెప్పులు కుట్టేవాడు, తాగుడుకు బానిస. తల్లి నేత కార్మికురాలు. 1859లో ఆ కుటుంబం డండీకి వలస వచ్చింది. పదకొండేళ్లకే మేరీ బాక్స్‌టర్ బ్రదర్స్ గిర్నిలో చేరింది. సగం రోజు పని, సగం రోజు గిర్ని బడి. పద్నాలుగేళ్లు వచ్చేసరికి పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా మగ్గం దగ్గరే. మగ్గానికి పుస్తకం ఆనించి పెట్టుకుని, పని చేస్తూనే చదివేదని చెబుతారు. కూలి డబ్బులు తల్లి చేతిలో పోసేది. తండ్రి తాగినా ఆ ఇల్లు నిలబడ్డది ఆడవాళ్ల కూలి మీదనే. ఈ పాఠం ఆమె ఏ చర్చిలోనో నేర్చుకున్నది కాదు. ఇంట్లో, గిర్నిలో నేర్చుకున్నది.

1876 ఆగస్టు 5న ‘ఇథియోపియా’ అనే ఓడ ఎక్కి, నెల రోజులు దాటినాక కాలబార్‌లో దిగింది. 1846 నుంచే అక్కడ ప్రెస్బిటేరియన్ మిషన్ ఉంది. మేరీ ఎఫిక్ భాషను ఆ ఊరివాళ్ల తీరుగానే మాట్లాడటం నేర్చుకుంది. టోపీ, చెప్పులు వదిలేసింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, స్థానికుల తిండే తిన్నది. జీతంలో కొంత తల్లికి పంపేది. జనం ఆమెను ‘మా’ అని పిలిచేవారు.

ఆ రోజుల్లో అక్కడ కవలలు పుడితే కీడు అనుకునేవారు. ఇద్దరిలో ఒకరు దయ్యానికి పుట్టినవారని నమ్మకం. పసికందులను కుండలో పెట్టి అడవిలో వదిలేసేవారు, తల్లిని వెలివేసేవారు. ఇంటి పెద్ద చనిపోతే చేతబడి చేశారని భార్యల మీద అనుమానం వచ్చేది. నిజం తేల్చడానికి ‘ఎసెరె’ అనే విషపు గింజ తాగించేవారు. బతికితే నిర్దోషి, చస్తే దోషి. (అదే గింజ నుంచి తీసిన మందును తర్వాత కంటి జబ్బు గ్లాకోమాకు వాడారు.) మేరీ వెలివేసిన తల్లులకు చోటిచ్చింది, వదిలేసిన పిల్లలను తెచ్చి పెంచుకుంది. 1888లో కాలబార్ వదిలి లోపలి ప్రాంతమైన ఒకోయోంగ్‌కు పోయి అక్కడే కాపురం పెట్టింది. తుపాకులు, సారాయి వదిలి పామాయిల్ అమ్ముకొమ్మని అక్కడివాళ్లకు నచ్చజెప్పి కాలబార్‌తో బేరం కుదిర్చింది.

ఆమె చేసినవాటిలో అసలైన పని చివరి కాలంలో ఊసె అనే ఊరి దగ్గర జరిగింది. మగవాడి ఇంట్లో చోటు లేని ఆడమనిషికి ఆ సమాజంలో ఎక్కడా రక్షణ లేదని ఆమె గమనించింది. విధవ కావచ్చు, కవలల తల్లి కావచ్చు, దిక్కులేని పిల్ల కావచ్చు. వాళ్లకు అన్నం పెట్టి ఊరుకుంటే చాలదు, సొంతంగా బతికే దారి ఉండాలి అనుకుంది. భూమి సంపాదించి వాళ్ల కోసం నివాసం కట్టించింది. తోటపని, బుట్టల అల్లిక, కుట్టుపని లాంటివాటితో వాళ్ల తిండి వాళ్లే సంపాదించుకోవాలన్నది ఆమె ఆలోచన. కాలబార్‌లో 1895లో మొదలైన హోప్ వాడెల్ శిక్షణ సంస్థ వెనక కూడా ఆమె పట్టుదల ఉంది. చేతిపని నేర్పే బడి అది.

అయితే ఒక మాట కూడా చెప్పుకోవాలి. 1892లో బ్రిటిష్ సర్కారు ఆమెను ఒకోయోంగ్‌లో వైస్ కాన్సుల్‌గా పెట్టింది. స్థానిక కోర్టులో కూర్చుని తీర్పులు చెప్పేది. ఆడవాళ్ల పక్షాన నిలబడింది, నిజమే. కానీ ఆ కోర్టులు పరాయి పాలనలో భాగం. ఆమె 1915 జనవరి 13న ఊసెలో కన్నుమూసింది. తర్వాత పద్నాలుగేళ్లకు, 1929 చివరలో, ఆగ్నేయ నైజీరియాలో ఇగ్బో, ఇబిబియో ఆడవాళ్లు వేల సంఖ్యలో లేచారు. ఆడవాళ్ల మీద కూడా పన్ను వేస్తారన్న భయం, సర్కారు పెట్టిన పెత్తందార్ల దౌర్జన్యం అందుకు కారణం. పెత్తందార్ల ఇళ్లను చుట్టుముట్టి పాటలు పాడారు, కోర్టులను తగలబెట్టారు. సర్కారు తుపాకులకు 50 మందికి పైగా ఆడవాళ్లు బలయ్యారు. చివరికి ఆ పెత్తందార్ల పద్ధతిని సర్కారు మార్చక తప్పలేదు. ఎవరో వచ్చి కాపాడితేనే బతికిన ఆడవాళ్లు కాదు వాళ్లు. పంట, సంత, సంఘం వాళ్లకు ముందు నుంచే ఉన్నయి. మేరీ గొప్పతనం ఏమంటే, ఎవరి నీడా లేని ఆడవాళ్లకు కూడా కాళ్ల కింద నేల కావాలని గుర్తించడం.

ఆమె శవాన్ని నది మీదుగా కాలబార్‌కు తెచ్చి గుట్ట మీది శ్మశానంలో పాతిపెట్టారు. 1997లో స్కాట్లండ్‌లోని క్లైడ్స్‌డేల్ బ్యాంకు పది పౌండ్ల నోటు మీద ఆమె బొమ్మ అచ్చేసింది. వారం కూలి తల్లి చేతిలో పోసిన గిర్ని పిల్ల బొమ్మ నోటు మీదికి ఎక్కింది.

షోలాపూర్‌లో గిర్నిలు మూతపడినప్పుడు ఎన్ని తెలుగు ఇండ్లు ఆడవాళ్ల బీడీల కూలి మీద నిలబడ్డయో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. కూలి వాళ్లదే. మరి ఇంటి కాగితం ఎవరి పేరు మీద ఉంది? బ్యాంకు పుస్తకం ఎవరి దగ్గర ఉంది? ఈ సంచిక చదివినాక ఒకసారి పెట్టె తెరిచి చూడండి.