ఖనిలో తవ్వకాల ఆట

కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద వస్తుంటే ముందుగా పలకరించేవి ఎన్టీపీసీ పొగగొట్టాలు. అవి దాటితే గోదావరిఖని. పేరులోనే నదీ ఉంది, గనీ ఉంది. ఊరివాళ్లకు మాత్రం ఒట్టి 'ఖని'!

మూడు షిఫ్టుల ఊరిది. మొదటి షిఫ్టుకెళ్లిన నాన్న మధ్యాహ్నానికి బాయి నుంచి ఇంటికొస్తే, బడి వదిలాక కొడుకు మాత్రం వచ్చేవాడు కాదు. ఎక్కడున్నాడో అమ్మకు తెలుసు... టీవీ గేమ్ గదిలో!

1990ల్లో మన ఊళ్లన్నిటినీ ఊపేసిన సరదా అది. ఓ ఇరుకు గది, ఓ టీవీ, రెండు రిమోట్లు. అరగంటకింత అని డబ్బులు. పిల్లల కళ్లు ముందుగా పడేది క్యాసెట్ మీదున్న బొమ్మ మీదే. తుపాకులు పట్టిన వీరులు, మంటలు, విమానాలు... '9999 ఇన్ 1' అని పెద్ద అక్షరాలు. తీరా పెట్టి చూస్తే తిరిగి తిరిగి అవే పాతిక ఆటలు! వీరుడేమో తెరమీద వేలెడంత.

ఆ రోజుల్లో ఆటల ప్రచారమంతా అలాగే సాగింది. తెరమీద చుక్కలూ గళ్లూ తప్ప చూపలేని లోటును చిత్రకారుడు అట్టమీద తీర్చేవాడు. 1987లో వచ్చిన 'కాంట్రా' సంగతే చూడండి. దాని అట్టమీది కండల వీరులను గీసింది బ్రిటన్ చిత్రకారుడు బాబ్ వేక్లిన్. 'ప్రిడేటర్' సినిమాలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ నిల్చున్న తీరే ఆయనకు ఆధారం.

అయితే ఖని పిల్లలకు బొమ్మ అవసరం లేని ఆట ఒకటుంది. అది 'డిగ్ డగ్'. జపాన్ కంపెనీ నామ్‌కో 1982లో ఆర్కేడ్ల కోసం తయారుచేసింది. తర్వాత టీవీ గేమ్ క్యాసెట్లలోకీ వచ్చింది. తెల్లదుస్తుల బుల్లి మనిషి మట్టిని తొలుచుకుంటూ కిందికి దిగుతాడు. అడ్డొచ్చిన రాక్షసులను గాలిపంపుతో ఉబ్బించి పేలుస్తాడు. ఎంత లోతున పేలిస్తే అన్ని ఎక్కువ పాయింట్లు. బండరాయి కింద మట్టి తవ్వితే అది జారి రాక్షసుల మీద పడుతుంది. ఆలస్యంగా తప్పుకుంటే తవ్వినవాడి మీదే! ఇంకో తమాషా... అతను నడిచినంతసేపే సంగీతం. ఆగితే అదీ ఆగిపోతుంది.

మిగతా ఊళ్లలో అదో సరదా. ఇక్కడ మాత్రం పక్కింటి మామ చేసే పని! తవ్వడం, లోపలికి గాలి పంపడం, పైకప్పు మీద ఓ కన్నేసి ఉంచడం బాయిలో రోజూ ఉండేవే. తేడా ఒక్కటే. ఆటలో మూడు లైఫులు.

ఆ తేడా ఎంతటిదో 2003లో ఊరు రెండుసార్లు చూసింది. జూన్ 16న జీడీకే 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, 8ఏ ఇంక్లైన్లో పైకప్పు కూలి 10 మంది. ఆటలో పాయింట్లు తెచ్చే బండ, ఇక్కడ ఇళ్లల్లో దీపాలార్పింది.

ఇప్పుడు ఖనికి వెళ్తే ఊరి చుట్టూ మట్టిగుట్టలు కనిపిస్తాయి. ఓపెన్‌కాస్టులు పెరిగాయి, భూగర్భ గనులు తగ్గాయి. టీవీ గేమ్ గదుల కాలమూ పోయింది. అప్పటి పిల్లలకు ఇప్పుడు నలభై దాటాయి. నాన్న ఉద్యోగంలోకి వచ్చి అదే బాయి దిగినవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

డిగ్ డగ్ ఇప్పుడు సెల్‌ఫోన్లోనూ ఆడుకోవచ్చు. పిల్లలకు చూపించి, 'ఇది మా కాలం ఆట' అని మురిసిపోవచ్చు. బుల్లి మనిషి ఆగితే సంగీతం ఆగుతుంది, బటన్ నొక్కితే మళ్లీ మొదలవుతుంది. షిఫ్టు దిగే వేళ దాటినా గుమ్మంలో అడుగుల చప్పుడు వినిపించకపోతే ఎలా ఉంటుందో మాత్రం... ఖనిలో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది.