కావడి బద్ద

కళింగపట్నం ఒడ్డున, లాగిపెట్టిన పడవ పక్కన, ఇసుకలో ఒక కావడి బద్ద పడి ఉంది. భుజం ఆనేచోట వెదురు నున్నబడి, చెమట పీల్చి తేనెరంగుకు తిరిగింది. కొనల్లో ఉట్టితాడు జారకుండా కోసిన గాట్లు. వేట నుంచి వచ్చిన చేపలు, తడిసి బరువెక్కిన వలలు దీనిమీదే ఊళ్లోకి నడిచాయి.

బద్దను ఎంచుకోవడం ఒక విద్య. ముదురు వెదురే కావాలి, లేతదానికి ఇట్టే పురుగు పడుతుంది. చీల్చి, కణుపులు చెక్కి, బరువు కట్టి, భుజాన పెట్టుకుని నాలుగడుగులు వేసి చూడాలి. బద్ద అడుగుతోపాటు ఊగాలి. అది పైకి లేచినప్పుడు భుజానికి దొరికే ఆ కాస్త తెరిపే మనిషిని కోసుల కొద్దీ నడిపిస్తుంది.

ఎగువన సీతంపేట కొండల్లో సవర గిరిజనులు అనాసలూ చింతపండూ సంతకు దింపేదీ కావడితోనే. అడవిలో వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆపింది. సముద్రం మీద మరపడవల వేట ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆగుతుంది. మోత మాత్రం ఆగిన రోజు లేదు.

మనిషి ఎంత మోయగలడు? ఎంత మోయాలి? ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావని ఆడవాళ్లను చూస్తే తెలుస్తుంది. కావడి ఎక్కువగా మగవాళ్ల భుజాలకే దక్కింది. ఆడవాళ్లకు చుట్టకుదురు, దానిమీద తట్ట, మెడమీదకు కారే ఉప్పునీరు. ఇప్పుడు కొండలెక్కేవాళ్లకు బరువును నడుముకు పంచే పట్టీలతో ఎన్నో సంచులు వస్తున్నాయి. చేపలమ్మే తల్లి మెడ కోసం కూడా ఎవరైనా అంత శ్రద్ధగా ఆలోచించాలని నా కోరిక.