తడి రంగు - పొడి దుమ్ము

సిద్దిపేట జిల్లాలో నారాయణరావుపేట అని ఒక ఊరు ఉంది. ఎండాకాలంలో ఒక రోజు మనమంతా ఆ ఊరు వెళ్ళామనుకోండి. యాసంగి వరి కోతల రోజులు. మట్టిబాట మీద ఒక్క ట్రాక్టరు పోయిందంటే చాలు, దాని వెనక లేచిన దుమ్ము, ట్రాక్టరు కనుమరుగైన చాలాసేపటికి గాని అణగదు.

అలాంటి చోట, ఒక పెంకుటింటి వసారాలో, మనం చిన్న కొయ్య ఎడ్లబండికి రంగు వేయబోతున్నాం. నాలుగు ఆదివారాలు కూర్చుని చెక్కిన బండి అది. మన చేతిలో తుంపర రంగు డబ్బా ఉన్నది. పైమీట నొక్కితే రంగు మంచులాగా వస్తుంది. ఇలాంటి డబ్బాను 1949లో అమెరికాలో ఎడ్వర్డ్ సీమోర్ అనే ఆయన తయారుచేశాడు. కుంచె గీతలు లేకుండా రంగు అద్దంలా పరుచుకుంటుంది. చిక్కంతా అక్కడే! అంత నున్నని రంగు మీద చిన్న నలుసు పడినా కొండలా కనిపిస్తుంది.

మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేనేం చేశానో తెలుసా? శుభ్రంగా ఉండాలని చీపురు తీసుకుని గదంతా ఊడ్చాను. వెంటనే రంగు వేశాను. గంట తరువాత చూస్తే బొమ్మ నిండా నలుసులే! అసలు ఊడ్చకపోయినా ఇంతకన్న మేలుగా ఉండేది.

ఎందుకంటే, ఊడ్చినప్పుడు దుమ్ము అంతా చేటలోకి రాదు, కొంత గాలిలోకి లేస్తుంది. మిల్లీమీటరులో నూరోవంతు ఉండే నలుసు సెకనుకు కొన్ని మిల్లీమీటర్లే కిందికి దిగుతుంది. మనిషి ఎత్తునుంచి నేల చేరటానికి దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నలుసు అందులో పదోవంతే ఉంటే, వేగం నూరోవంతుకు తగ్గిపోతుంది. అది నేల చేరాలంటే గంటలు కావాలి! కాబట్టి ఇవాళ ఊడ్చి, రేపు రంగు వేయాలి.

ఉదయాన్నే, గాలి లేవకముందే పని మొదలుపెట్టండి. అరగంట ముందు వాకిట్లో, వసారాలో నీళ్ళు చల్లండి. మన ఇళ్ళ ముందు అమ్మ సాన్పి చల్లేది ఇందుకు కూడా పనికి వస్తుంది. తడి నేల మీది దుమ్ము పైకి లేవదు. బండిని తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మన జుట్టు, బట్టలు కూడా దులిపి రావాలి. ఆ దులపటం దూరంగా జరగాలి సుమా!

మరి తలుపులన్నీ మూసుకుంటే దుమ్ము రాదు కదా అంటారేమో. వద్దు! రంగులోనుంచి వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. పొయ్యి దగ్గరగా ఉంటే అంటుకుంటుంది కూడాను. కార్ల కర్మాగారాల్లో గాలిని వడపోసి, కప్పునుంచి నేలవైపుకు పంపుతారు. ఆ గాలి దుమ్మును, ఆవిరిని కిందికి లాక్కుపోతుంది. మనకు ఆ యంత్రాలు లేవు. అందుచేత పనిని రెండుగా చేసుకోవాలి: రంగు వేయటం గాలి ఆడే చోట, ఆరబెట్టటం మూత కింద. రంగు వేసేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. ముక్కుకు మాస్కు ఉండాలి. డబ్బాను ఎండలో పెట్టకూడదు, వేడికి పగలవచ్చు.

మూతకు పెద్ద అట్టపెట్టె చాలు. లోపల తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత, దాన్ని బండిమీద బోర్లించండి. అంచుల కింద చిన్న రాళ్ళు పెట్టి కాస్త సందు ఉంచండి. రంగు ఆవిరి గాలికన్న బరువైనది గనక కిందినుంచే బయటికి పోతుంది.

ఇంత చేసినా ఒక నలుసు పడవచ్చు. వేలితో తీయబోకండి! వేలిముద్ర నలుసుకన్న పెద్ద మచ్చ అవుతుంది. ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, సన్నని గరుకుకాగితాన్ని నీటిలో తడిపి మెల్లగా రుద్ది, తుడిచి, మళ్ళీ పలచగా రంగు వేయండి. ఇదే జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డకు తెల్లమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూస్తారు. ఒక పూత ఆరితేగాని మరొకటి వేయరు. రంగు పనిలో తొందర పనికిరాదని వాళ్ళకు బాగా తెలుసు.

చివరగా ఒక మాట. పెంకుల సందులోనుంచి వసారాలో పడే ఎండచారను చూడండి. అందులో నలుసులు ఎగురుతూ కనిపిస్తాయి. ఆ ఆట సద్దుమణిగేదాకా ఆగి, తరువాత మీట నొక్కండి. అప్పుడు మీ ఎడ్లబండి నిగనిగలాడుతుంది!