మనవడి కారు, తాతయ్య చెయ్యి

‘నన్ను పంపించెయ్యండమ్మా’ అని నాన్న రెండో వారంలోనే మొదలుపెట్టారు.

2023 మే నెలలో నాన్నని తీసుకుని అమెరికాలో అక్క వాళ్ళింటికి వెళ్ళాను. ఒహాయో రాష్ట్రం, కొలంబస్. నాకు ఆఫీసులో దొరికింది నెలరోజుల సెలవు. నాన్నకి మాత్రం ఆరు నెలల ప్లాను. అమ్మ పోయాక ఒక్కరే ఉంటున్నారని అక్క పట్టుబట్టి వేసిన ప్లాను అది.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకి పైగా లారీల కింద పడుకున్న మనిషి నాన్న. ఆయనకి ఖాళీ అంటే ఏమిటో తెలీదు. అక్కేమో పని ముట్టుకోనివ్వదు. పొద్దున్నే లుంగీ కట్టుకుని వీధి చివరిదాకా నడిచి, మనిషనేవాడు కనపడక తిరిగొచ్చేవారు. తర్వాత సోఫా, టీవీ, మందుబిళ్ళల డబ్బా. మీ అమ్మానాన్నల్ని ఎప్పుడైనా అమెరికా పంపి ఉంటే మిగతాది నేను చెప్పక్కర్లేదు.

అక్క కొడుక్కి అప్పుడు పందొమ్మిదేళ్ళు. కాలేజీ సెలవలు. పగలంతా గ్యారేజీలో, సాయంత్రం పిజ్జా షాపులో ఉండేవాడు. గ్యారేజీలో ఉన్నది వాడి ప్రాణం, బావగారి తలనొప్పి - 1987 మోడల్ పోర్షే 944. వాడికన్నా పదిహేడేళ్ళు పెద్దది. రెండేళ్ళు దాచుకున్న డబ్బంతా పోసి, తండ్రికి చెప్పకుండా కొనేశాడు. ‘ఆ డబ్బుతో బంగారంలాంటి టొయోటా వచ్చేది’ అని బావగారు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా మాటలు ‘అన్నం తిన్నావా’, ‘ఊ’ దగ్గర ఆగిపోయాయట. అక్క నాకు వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది.

కారు చూడ్డానికి అందంగానే ఉంటుంది. ఇంజను ముందు, గేరుబాక్సు వెనక. అందువల్ల బరువు రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడుతుందని, మలుపుల్లో బండి చెప్పినమాట వింటుందని వాడు నాకు క్లాసు పీకాడు. కానీ నన్నెక్కించుకుని తిప్పినప్పుడు తెలిసింది వేరే. చిన్న గుంట తగిలితే చాలు, వెనకభాగం ఊయలలాగా మూడుసార్లు లేచి పడుతోంది. మలుపులో గుంట వచ్చినప్పుడు వెనక చక్రం కాస్త పక్కకి జరిగింది కూడా. నేను తలుపు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ‘వెనక షాక్ అబ్జార్బర్లు పోయాయి పిన్నీ, మార్చేస్తాను’ అన్నాడు. అక్కకి చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు.

కొత్తవి వాడికి అందే ధరలో లేవు. పెన్సిల్వేనియాలో ఎవరో వాడినవి అమ్ముతుంటే కొన్నాడు. జత రెండువందల ఇరవై డాలర్లు. పసుపు రంగు కోనీలు. 1857లో గుర్రాల సరంజామా తయారుచేస్తూ మొదలైన నెదర్లాండ్స్ కంపెనీ అది. వాళ్ళ సరుకు విశేషమేమిటంటే గట్టిదనాన్ని మనమే మార్చుకోవచ్చు. ఫొటోల్లో తళతళలాడుతున్నాయి. ఫొటోలదేముంది లెండి, పెళ్ళిసంబంధాల ఫొటోలు మాత్రం బాగుండవూ?

పార్సిల్ వచ్చిన రోజు ఆదివారం కాదుగానీ బావగారు ఇంట్లోనే ఉన్నారు. మనవాడు రెంటినీ బల్లమీద అడ్డంగా పడుకోబెట్టి, రాడ్డు లోపలికి తోశాడు. మొదటి అంగుళం ఏ అడ్డూ లేకుండా జారిపోయింది. ఆ తర్వాతే పట్టు. రెండోదీ అంతే. వాడి మొహం పాలిపోయింది. బావగారు గుమ్మంలోంచి చూసి, ‘నేను చెప్పలేదా’ అని ఒక్కమాటే అన్నారు. వాడు అమ్మినవాడికి మోసం, దగా అంటూ పొడుగాటి మెసేజ్ రాసి, పైకెళ్ళి తలుపేసుకున్నాడు.

నేను కాఫీ ఇద్దామని నాన్నని వెతుక్కుంటూ వెళితే గ్యారేజీలో ఉన్నారు. లుంగీ మడిచి కట్టి, ఒక షాకబ్జర్‌ని (ఆటోనగర్‌లో అందరూ అలాగే అంటారు) నేలమీద నిలువుగా నిలబెట్టి, బోరింగు పంపు కొట్టినట్టు పైకీ కిందికీ లాగుతున్నారు. అయిదారుసార్లు లాగాక నన్ను పట్టుకోమన్నారు. ఆ అంగుళం ఖాళీ మాయం! చివరిదాకా ఒకే బిగువు, నెయ్యి డబ్బాలో గరిటె తిప్పినట్టు.

‘వీటిని పడుకోబెట్టకూడదమ్మాయ్’ అన్నారు. లోపల రెండు గొట్టాలుంటాయట, ఒకదాంట్లో ఒకటి. బయటి గొట్టంలో ఆయిల్ మీద కాస్త గాలి. రోజుల తరబడి పార్సిల్‌లో అడ్డంగా పడుంటే ఆ గాలి లోపలి గొట్టంలోకి దూరుతుంది. నిలబెట్టి పంపు కొడితే మళ్ళీ బయటికి పోతుంది. లారీ షాకబ్జర్లయినా అంతే, పోర్షే షాకబ్జర్లయినా అంతే.

మనవణ్ణి కిందికి పిలిచాను. వాడి తెలుగు అంతంతమాత్రం, నాన్న ఇంగ్లీషు ఇంకా అన్యాయం. నేను దుబాసీగా నిలబడ్డానుగానీ పది నిమిషాల్లో నా అవసరం తీరిపోయింది.

రెండోది మాత్రం మొండికేసింది. ఎన్నిసార్లు పంపు కొట్టినా దిశ మారేచోట కొంచెం ఖాళీ మిగిలే ఉంది. రాడ్డు చుట్టూ సన్నటి ఆయిల్ వలయం తేలింది. నాన్న గుడ్డతో తుడిచి, కళ్ళజోడు తీసేసి, బొటనవేలి గోరుతో రాడ్డు పొడుగునా గీశారు. ఒకచోట గోరు ఆగింది. వాడి వేలు పట్టుకుని అక్కడ పెట్టారు. ‘పట్టకారు పళ్ళు’ అన్నారు. ఎప్పుడో ఎవరో పైన నట్టు ఊడదీస్తూ, రాడ్డు తిరక్కుండా నేరుగా పట్టకారుతో పట్టుకున్నారు. నున్నటి రాడ్డుమీద గీత పడింది. అది లోపలికీ బయటికీ వెళ్ళినప్పుడల్లా ఆయిల్ సీలుని కోసేసింది. పాతవి కొనేవాళ్ళు ముందు చూడాల్సింది రంగు కాదట, రాడ్డు. మనవాడు ఇందాకటి మెసేజ్‌కి క్షమాపణ చెబుతూ, ఈసారి గీత ఫొటో తీసి ఇంకోటి పంపాడు. అతనెవరోగానీ మంచివాడే, సగం డబ్బు తిరిగిచ్చాడు.

గట్టిదనం మార్చడం మాత్రం నాన్నకి కొత్త. లారీలవాటికి ఆ సదుపాయం లేదు. ఇక్కడ మనవడు గురువయ్యాడు. ఈ రకానికి బయట మీట ఉండదు. బండిలోంచి ఊడదీసి, పూర్తిగా లోపలికి నొక్కి, మెల్లగా ఎడమవైపు తిప్పితే లోపల నట్టుకున్న పళ్ళు అడుగున ఉన్న గాడిలో కూర్చుంటాయి. ఆగేదాకా ఎడమకి తిప్పితే మెత్తన. అక్కణ్ణుంచి అరచుట్టు అరచుట్టుగా కుడికి తిప్పేకొద్దీ గట్టి. తర్వాత తిప్పకుండా నిటారుగా పైకి లాగాలి. నాన్న కళ్ళు మూసుకుని తిప్పి, ‘కూర్చుంది’ అన్నారు, తాళంచెవి పట్టినప్పటిలా. అలా చూస్తే బాగున్నది రెండు అరచుట్లు గట్టిగా ఉంది, పాడైంది పూర్తి మెత్తన. పాత యజమాని రెంటినీ చెరో లెక్కలో వదిలేశాడన్నమాట.

‘ఇది తిప్పితే నొక్కుకునేటప్పుడు గట్టిపడుతుందా, సాగేటప్పుడా?’ అనడిగారు నాన్న. సాగేటప్పుడేనన్నాడు వాడు. నాన్న కాసేపు ఆలోచించి, ‘అదే కావాలి. నొక్కుకున్న స్ప్రింగే కదా ఎగిరి తన్నేది’ అన్నారు. ఆ కారు వెనక మామూలు స్ప్రింగులు లేవు, మెలితిరిగే ఉక్కు కడ్డీలున్నాయని వాడు చూపించాడు. కమాను కట్టలతో బతికిన మనిషి కారు కింద దూరి అరగంట బయటికి రాలేదు. డెబ్భై ఒక్కేళ్ళాయన అలా పడుకోవడం చూసి అక్క కేకలేసింది. ఎవరు విన్నారు?

షాకబ్జర్లు రెంటినీ రిపేరు షాపుకి పంపారు. రెండు పక్కలా పట్టు సమానంగా ఉండాలి కనక ఒక్కదాన్నే బాగుచేయించడం దండగని నాన్న మాట. కొత్త రాడ్డు, సీళ్ళు, ఆయిల్. అన్నీ కలిపి లెక్కేస్తే కొత్తవాటికి దగ్గర్లోకి వచ్చింది. వాడిన సరుకు కొని ఆదా చేశామనుకునేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవడం మంచిది. చాలని డబ్బు తాతయ్య ఇచ్చాడని, అది బావగారికి తెలియదని అక్క అంది. బావగారికి తెలుసని నా అనుమానం.

అవి తిరిగొచ్చేసరికి నేను హైదరాబాద్‌లో ఉన్నాను. బిగింపు కార్యక్రమం వాట్సాప్‌లో చూశాను. చక్రాలు గాల్లో ఉండగా బోల్టులు పూర్తిగా బిగించనివ్వలేదు నాన్న. బండి నేలమీద తన బరువుతో నిలబడ్డాకే ఆఖరి బిగింపు. లేకపోతే రబ్బరు బుష్షులు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతాయట.

ఇంత చేసినా, రోడ్డెక్కగానే వెనక కుడివైపు ‘టక్... టక్’ మని చప్పుడు. రెండు రోజులు ఇద్దరూ నిద్రపోలేదు. పైబోల్టు చూశారు, సైలెన్సర్ చూశారు. చివరికి తేలిందేమిటంటే, కింద బోల్టు దూరే రంధ్రం రెండో పక్కదానికన్నా వెంట్రుకవాసి పెద్దది. మధ్యలో సన్నటి గొట్టం ముక్క ఒకటి ఉండాలి, లేదు. అట్టపెట్టెలు పారెయ్యలేని మా అక్క జబ్బు మొదటిసారి అక్కరకొచ్చింది. పెన్సిల్వేనియా నుంచి వచ్చిన పెట్టె అటకమీదే ఉంది. దాని అడుగున నలిగిన కాగితాల్లో ఆ ముక్క దొరికింది.

ఆ రాత్రి నాన్నే ఫోన్ చేశారు. బండి ఇప్పుడు గుంటలో పడితే ఒక్కసారి లేచి కూర్చుంటోందని, సీట్లోంచి లేవడానికి మాత్రం మనవడు చెయ్యివ్వాల్సి వస్తోందని చెప్పారు. టికెట్టు ముందుకి జరపమంటారేమోనని నేనే అడిగాను.

‘ఇప్పుడెక్కడమ్మాయ్’ అన్నారు. ‘మీ బావగారి కారు ముందు చక్రం దగ్గర ఏదో చప్పుడట. ఆదివారం చూస్తానని మాటిచ్చాను. చిన్నోణ్ణి పానాలు తియ్యమన్నాను.’