గేటు దాటితే గోవిందా!

టెర్రియర్‌ని తెచ్చుకునేవాళ్ళు ముందు దాని సైజు చూసి మోసపోతారు. ఆరేడు కిలోల కుక్క, ఏ మూలో పడుంటుందిలే అనుకుంటారు. పడుండదు! లాటిన్‌లో ‘టెర్రా’ అంటే నేల. బొరియల్లో దూరి నక్కల్ని బయటికి తరమడానికి పెంచిన జాతి కాబట్టే ఆ పేరు. ఇంగ్లండులో చర్చి ఫాదరు జాక్ రసెల్, చదువుకునే రోజుల్లో, 1819లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఓ పాలవాడి నుంచి ‘ట్రంప్’ అనే ఆడకుక్కని కొన్నాడట. ఆయన పేరుతో పిలిచే టెర్రియర్లకి అదే మూలపుటమ్మ. దాని సంతతి ఇవాళ హబ్సిగూడలో పొద్దున్నే పాలపాకెట్ల కుర్రాడి మీదికి ఎగురుతోందంటే ఏమనాలి?

గేటు కింద జానెడు సందు, గోడవారన మెత్తటి మట్టి, అందులో పందికొక్కుల బొరియలు... టెర్రియర్‌కి స్వర్గమంటే అదే. తవ్వుకుంటూ పోయి పక్కింట్లో తేలుతుంది. గేటు కింద రేకు కొట్టించి, గోడ పొడుగునా బండలు పరిపిస్తే సగం బాధ తీరుతుంది. డాబా మీద పిట్టగోడకి ఆనించిన పూలకుండీలు దానికి మెట్లు. వాటిని జరపాలి. సంపు మూత ఎప్పుడూ వేసుండాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది ఎలుకల మందుకి. మందు తిన్న పందికొక్కుని ఇది పట్టి తిన్నా విషం ఎక్కవచ్చు. రక్తం గడ్డకట్టనివ్వని రకం మందైతే రెండు మూడు రోజులు కుక్క హుషారుగానే తిరుగుతుంది. ఆ తర్వాత చిగుళ్ళు పాలిపోతాయి, ఆయాసం మొదలవుతుంది. అందాకా ఆగకుండా, అనుమానం రాగానే మందు పాకెట్‌తో సహా పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. విటమిన్ కె1 ఇచ్చి బతికించే అవకాశం ఉంటుంది. ఇరుగుపొరుగు వాళ్ళని ‘మందు పెట్టేముందు ఒక్కమాట చెప్పండమ్మా’ అని అడిగి ఉంచుకోవడం ఇంకా మేలు. ఎలుకల మూత్రంతో సోకే లెప్టోస్పైరోసిస్‌కి కుక్కలకి టీకా ఉంది.

ఇక వీధిలోకి. మెడపట్టీ అయితే వెనక్కి గుంజుకుని తల తప్పించేస్తుంది. ఛాతీ చుట్టూ బిగించే హార్నెస్ కొనాలి. ఉడత కనబడితే పేరు పెట్టి పిలిచినా వినదు, అవతల మెట్రో స్తంభాల పక్కన ఉప్పల్ రోడ్డు మీద బస్సులు. 2023 ఫిబ్రవరిలో, ఇక్కడికి దగ్గర్లోనే అంబర్‌పేటలో, నాలుగేళ్ళ పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ వార్త గుర్తున్న తల్లికి ‘మావాడు కరవడండీ’ అని చెప్పడం దండగ. లిఫ్టులో తాడు కురచగా పట్టుకోవడమే మర్యాద.

కట్టేస్తే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తుంది. పాత టబ్బులో ఇసుక పోసి, అడుగున రెండు బిస్కట్లు పాతిపెడితే కాసేపు దాని లోకం దానిది. ఆ కాసేపట్లోనే గేటు తీసి స్కూటర్ బయటపెట్టుకోవాలి.